చెదలు తిన్న మాట

1979లో మన సంస్థ అకౌంట్స్ విభాగంలో చేరిన మొదటి వారంలోనే నేను చీవాట్లు తిన్నాను. నగదు పుస్తకంలో 7 వేయవలసిన చోట 1 వేసి, ఎవరూ చూడక ముందే దానిని బ్లేడుతో సుతారంగా గీకి, పైన 7 దిద్ది, గొప్ప పని చేశానన్న ధీమాతో పుస్తకం మూసి పెట్టాను. సాయంత్రం మా సెక్షన్ ఆఫీసరుగారు ఆ పేజీని కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకున్నారు. గీకిన చోట కాగితం పలుచనై, అవతలి వేపచెట్టు కొమ్మలు కూడా కనబడుతున్నాయి.

"తప్పు అంకె మీద ఒకే ఒక్క గీత గీయండి. గీత కింద పాత అంకె చదవడానికి వీలుగా ఉండాలి. పైన ఒప్పు అంకె వేసి, పక్కన పొడి సంతకం చేసి, తేదీ వేయండి. రేపు మీరు ఇక్కడ ఉండరు, నేనూ ఉండను. పుస్తకం ఉంటుంది" అన్నారాయన.

ముప్పై ఆరేళ్ళ ఉద్యోగంలో ఆ నియమాన్ని నేను లెక్కల పుస్తకాలలో మరి ఎన్నడూ దాటలేదు. దాటినది ఒక్కచోటే, మా తాతగారి పద్యాలలో. ఆ సంగతి చెప్పుకుందామనే ఈ వ్యాసం.

మా స్వగ్రామం పాపాఘ్ని ఒడ్డున ఉన్నది. ఏరు అని పేరే గానీ ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. మా జేజినాయన, అనగా మా నాయనగారి తండ్రి, ఆ ఊరి బడిలో పంతులు. ఏటి గట్టున ఉన్న గంగమ్మ మీద నూట ఎనిమిది తేటగీతులు వ్రాసుకున్నారు. అచ్చు వేయించాలన్న ఆశ ఆయనకు ఉండేదో లేదో తెలియదు. రూళ్ళు లేని నోటుపుస్తకంలో ఉక్కు పాళీతో, నీలి సిరాతో, అరసున్నలతో, బండి ఱలతో, పాత పద్ధతిలో పొందికగా వ్రాసి రేకు పెట్టెలో దాచారు. 1951లో ఆయన కాలం చేశారు. పెట్టె అటక మీదికి వెళ్ళింది. దానిని కిందికి దింపే నాటికి చెదలు తమ వంతు చదువు పూర్తి చేసుకున్నాయి.

1996లో ఆయన శతజయంతి వచ్చింది. అప్పుడు నేను ఉత్తరాదిలో ఒక యూనిట్‌లో పనిచేస్తున్నాను. సెలవు పెట్టి వచ్చి ఆ శతకాన్ని పుస్తకంగా వేద్దామని తలపెట్టాను. నోటుపుస్తకం మొత్తం చూస్తే పదకొండు చోట్ల మాటలు పోయాయి. కొన్నిచోట్ల ఒక అక్షరం, కొన్నిచోట్ల ఒక మాట, ఒకచోట సగం పాదం. మిగిలినదంతా నిక్షేపంగా ఉన్నది.

ఈ విషయంలో సలహా కోసం దగ్గరి పట్టణంలో విశ్రాంత తెలుగు అధ్యాపకులొకరిని కలిశాను. ఆయన నోటుపుస్తకాన్ని పసిబిడ్డను ఎత్తుకున్నట్లు రెండు చేతులతో తీసుకుని చూశారు. "పోయిన చోట చుక్కలు పెట్టండి. ఎన్ని అక్షరాలు పోయాయని తోస్తే అన్ని చుక్కలు. మీకేదైనా మాట స్ఫురిస్తే కుండలీకరణాలలో పెట్టి, ఇది నా ఊహ అని అడుగున చెప్పండి. అంతకుమించి చేయకండి" అన్నారు. వినయంగా తల ఊపి వచ్చేశాను. వచ్చి, ఆయన చేయవద్దన్నదే చేశాను.

నా తరఫున చెప్పుకోవలసినది కొంత ఉన్నది. శతజయంతి పుస్తకంలో చుక్కలంటే పెళ్ళి పందిట్లో చినిగిన పంచె కట్టుకున్నట్లు ఉంటుందని బంధువులు అన్నారు. నాకూ అలాగే అనిపించింది. పైగా చందస్సు కొంచెం తెలిసినవాడికి ఖాళీ గడి కనబడితే చేయి ఊరుకోదు. లెక్క తేలని బ్యాలెన్స్ షీటు ముందు కూర్చున్న గుమాస్తా స్థితి అది.

తెలుగు పద్యంలో మాట పోతే, అది ఎట్లాంటి మాటో పద్యమే సగం చెబుతుంది. ఈ సౌకర్యం వచనానికి లేదు. ఉదాహరణకు నేను పూరించిన పాదాన్నే తీసుకుంటాను. నోటుపుస్తకంలో "చేరి యడిగిన వారికి" అని ఉన్నది. తరువాత చిన్న బెజ్జం. బెజ్జం తరువాత "నిచ్చు" అని పాదం ముగుస్తుంది. తేటగీతి పాదంలో వరుసగా ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు ఉండాలి. "చేరి" సూర్యగణం. "యడిగిన", "వారికి" ఇంద్రగణాలు. చివరి "నిచ్చు" సూర్యగణం. కనుక పోయినది నాల్గవదైన సూర్యగణం. అది మూడు లఘువులైనా కావాలి, గురువు తరువాత లఘువైనా కావాలి. ఇక యతి. పాదం మొదటి అక్షరం "చే" కనుక నాల్గవ గణం మొదటి అక్షరం దానితో పొసగాలి. చ, ఛ, జ, ఝ, శ, ష, సలలో ఒకటి కావాలి. దాని మీద ఇకారమో ఎకారమో, వాటి దీర్ఘాలో ఉండాలి. ఇన్ని షరతులకు లోబడి, "ఇచ్చు" అన్న క్రియకు సరిపడే మాట ఏమిటి? అమ్మవారు ఇచ్చేది ఏమిటి?

నాకు అర నిమిషం పట్టలేదు. "సిరుల". మూడు లఘువులు. "చే"కు "సి"తో యతి. "చేరి యడిగిన వారికి సిరుల నిచ్చు." తాతగారు పైనుంచి చూసి భుజం తట్టినట్లనిపించింది. ఆ పూట మిగిలిన పది బెజ్జాలనూ ఇదే ఊపులో పూడ్చేశాను. కుండలీకరణం లేదు, చుక్క లేదు, అడుగున సూచన లేదు. బ్లేడుతో గీకి 7 దిద్దిన కుర్రవాడు పదిహేడేళ్ళ తరువాత మళ్ళీ లేచి కూర్చున్నాడన్న మాట.

పుస్తకం ఆ పట్టణంలోనే అచ్చయింది. అక్షరాలు ఒక్కొక్కటిగా పేర్చే పాతకాలపు ముద్రణాలయం. ప్రూఫులు నేనే దిద్దాను. అయిదు వందల ప్రతులు ఇంటికి వచ్చాక, మా చిన్నమ్మాయి మొదటి పద్యమే చదివి పకపకా నవ్వింది. అమ్మవారి "చల్లని చూపు" కాస్తా "చెల్లని చూపు" అయి కూర్చున్నది. అకౌంట్స్ వాడి పుస్తకంలో అమ్మవారి చూపు చెక్కులాగా చెల్లకుండా తిరిగి వచ్చిందని ఇంట్లో అందరూ నెలరోజులు నవ్వారు. గణాలు చెడలేదు, యతి చెడలేదు. చందస్సు ఎంత గట్టి కాపలాదారైనా ఇట్లాంటి దొంగను పట్టుకోలేదు.

ఆ అచ్చుతప్పుకు నేను సిగ్గుపడి ప్రతి పుస్తకంలోనూ కలంతో దిద్దాను. నిజానికి అది ఎవరికీ హాని చేయని తప్పు. చదివిన వాడెవడైనా ఇది అచ్చుతప్పని నవ్వి, తానే సరిగా చదువుకుంటాడు. "సిరుల" చూసి మాత్రం ఎవరూ నవ్వలేదు. ఎవరికీ అనుమానం రాలేదు. పైపెచ్చు ఊళ్ళో ఆ పద్యమే అందరికీ నచ్చింది. బడి పిల్లలకు నేర్పారు. ఏటా జాతర రోజు మైకులో చదివించేవారు. దూరాన ఉద్యోగంలో ఉన్న నాకు ఎవరో ఒకరు ఫోను చేసి, మీ తాతగారి పద్యం ఈసారి ఫలానా వాళ్ళ అమ్మాయి చదివిందని చెబుతుండేవారు. అందులో ఒక మాట నాదని నేను ఎవరికీ చెప్పలేదు. కొంతకాలానికి నేనే మరచిపోయాను.

2004లో మా మేనత్తను చూడటానికి వెళ్ళాను. ఆమెకు అప్పటికి ఎనభై దాటింది. చూపు తగ్గి శతజయంతికి రాలేకపోయింది. పుస్తకం పంపాను గానీ చదివి వినిపించేవారు ఆమెకు దొరకలేదట. ఆ మధ్యాహ్నం నేనే కూర్చుని చదవడం మొదలుపెట్టాను. కళ్ళు మూసుకుని నా కంటె ముందే పెదవులు కదుపుతున్నది. తండ్రి దగ్గర చిన్నప్పుడు నేర్చినవి. "సిరుల నిచ్చు" అన్నచోట కళ్ళు తెరిచింది.

"ఏమంటివి అబ్బీ?"

మళ్ళీ చదివాను.

"ఇదెవరు రాసినారు? మా నాయన ఇట్ల చెప్పలేదే. 'చేరి యడిగిన వారికిఁ జెలమ నిచ్చు' అని కదా!"

చెలమ అంటే తెలియని పట్నం పాఠకుల కోసం చెబుతున్నాను. ఏరు ఎండినప్పుడు ఇసుకను చేతులతో తోడి గుంట చేస్తే అడుగున నీరు ఊరుతుంది. దానినే చెలమ అంటారు. కొబ్బరిచిప్పతో ఆ నీటిని ముంచుకుని బిందె నింపుకోవాలి. నిండేసరికి ప్రొద్దు వాలుతుంది.

అత్త చెప్పిన దానిని బట్టి, ఆమె ఏడెనిమిదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు ఒక ఏడు వానలు పూర్తిగా తప్పాయి. ఊరి బావులు ఎండిపోయాయి. ఏట్లో ఎక్కడ తోడినా తడి తగలలేదు. చివరికి గంగమ్మ గుడి ముందర, మెట్లకు ఆనుకుని, తాతగారు బడి పిల్లలను వెంటబెట్టుకుని ఇసుక తోడించారు. నడుము లోతున నీరు ఊరింది. రెండు నెలలు ఊరంతా ఆ ఒక్క చెలమ నీళ్ళే తాగారు. ఆ పద్యం అప్పటిది.

"సిరులెక్కడివి అబ్బీ మనూర్లో? ఆ తల్లి ఇచ్చింది చెలమే" అన్నది అత్త.

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. మంచం మీద అటు తిరిగి, తరువాతి పద్యం చదవమన్నది. నేను చదవలేకపోయాను. చదువుకున్న మనవడు ఒకడు వచ్చి, ఊరి దాహం తీర్చిన గుంటను పూడ్చి, పైన అందరికీ తెలిసిన నునుపు రాయి ఒకటి వేశాడు. ఎనిమిదేళ్ళుగా ఊరి పిల్లలు ఆ రాయికే దండం పెడుతున్నారు.

మరునాడు నోటుపుస్తకం పట్టుకుని ఆ అధ్యాపకుల ఇంటికి వెళ్ళాను. తలుపు తీసిన క్షణం నుంచి తల దించుకునే ఉన్నాను. ఆయన ఏమీ అనలేదు. భూతద్దం తెచ్చి ఆ బెజ్జం అంచును చాలాసేపు చూశారు. "వారికి" అన్న మాట తరువాత, కాగితం తెగిన అంచున, చిన్న వంపు గీత ఒకటి ఉన్నది. 1996లో నేనూ చూశాను. చెదల మరక అనుకున్నాను.

"ఇది మరక కాదండీ, అరసున్న" అన్నారాయన.

తరువాత చెప్పినది నా మాటలలో ఇది. "వారికి" అన్నది ద్రుతప్రకృతికం, అంటే దాని చివర నకారం దాగి ఉంటుంది. దాని మీద క, చ, ట, త, పలతో మొదలయ్యే మాట వస్తే, ఆ అక్షరాలు గ, జ, డ, ద, బలుగా మారుతాయి. అప్పుడు ఆ నకారం అరసున్నగా మిగులుతుంది. సకారంతో మొదలయ్యే మాట వస్తే ఈ మార్పు లేదు, అరసున్నా లేదు. కనుక అరసున్న వ్రాసిన చేయి ఆ వెంటనే "సిరుల" వ్రాసి ఉండదు. గ, జ, డ, ద, బలలో "చే"తో యతి కుదిరేది జకారం ఒక్కటే. అంటే పోయిన మాట చ అక్షరంతో మొదలైనది. సాక్ష్యం కాగితం మీదనే ఉన్నది. నేను చదవలేదు.

"అయితే మొదటే చూసి ఉంటే చెలమ అని తేలేదా?" అని అడిగాను.

"తేలేది కాదు" అన్నారాయన. "చెఱువు కూడా మూడు లఘువులే. చెలిమి కూడా మూడు లఘువులే. మీ అత్తగారే లేకపోతే నేను చెలిమి అనుకుని ఉండేవాణ్ణి. అమ్మవారు చెలిమి ఇస్తుందంటే ఎంత బాగుంటుంది! అందుకే చుక్కలు పెట్టమన్నాను."

చందస్సు ఏ మాట కాదో గట్టిగా చెబుతుంది. ఏ మాట అవునో చెప్పడం దాని పని కాదు. ఇంకొక మాట కూడా ఆయన అన్నారు. తేటగీతిలో యతికి బదులు ప్రాసయతి వేసుకోవచ్చు. అట్లా అయితే ఈ లెక్కంతా తారుమారవుతుంది. కానీ ఈ శతకంలో తాతగారు ఒక్కచోట కూడా ప్రాసయతి వేయలేదట. మాట పోయిన చోటును ఒక్కదానినే చూస్తే చాలదు, కవి అలవాట్లన్నీ తెలియాలి. నూట ఎనిమిది పద్యాల యతులనూ ఆయన ఆ ముందే ఎంచి పెట్టుకున్నారని అప్పుడు తెలిసింది. ఎవరూ అడగకుండానే.

ఆ తరువాతి సెలవులలో ఈ విద్య గురించి దొరికినంత చదివాను. మా జిల్లావాళ్ళం కనుక ముందుగా బ్రౌను దొర దగ్గరికే వెళ్ళాను. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కడపకు వచ్చాడు. అక్కడ బంగళా కొని, పండితులను పెట్టుకుని, చాలావరకు సొంత డబ్బుతో తెలుగు గ్రంథాలను ఎత్తి వ్రాయించాడు. ఒక కావ్యం కావాలంటే ఒక ప్రతితో తృప్తి పడేవాడు కాదు. దొరికినన్ని తెప్పించి, పక్కపక్కన పెట్టి చదివించి, తేడాలు గుర్తించి, అప్పుడు శుద్ధప్రతి సిద్ధం చేయించేవాడు. వేమన పద్యాలు ఆయన చేతిమీదుగా 1829లో అచ్చయ్యాయి. ఆయన పోగు చేసిన ప్రతులెన్నో ఇప్పుడు చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. కడపలో ఆయన బంగళా ఉండిన చోట ఆయన పేరున గ్రంథాలయం వెలసింది. నేను ఆ వీధిన ఎన్నిసార్లు నడిచానో! లోపలికి వెళ్ళినది మాత్రం తప్పు చేసిన తరువాతనే.

తాటాకు ప్రతులలో తప్పులు ఎట్లా పుడతాయో తెలిస్తే, తప్పులు ఇంత తక్కువగా ఉన్నందుకు ఆశ్చర్యం వేస్తుంది. గంటంతో గీసిన గీతలకు రంగు ఉండదు. మసి పూస్తేగాని కనబడవు. మాటకూ మాటకూ నడుమ ఖాళీ ఉండదు. ప, వ, ష, సలు ఒకదాని పోలిక ఒకదానిది. "వు" కాస్త కురచగా పడితే "మ" అవుతుంది. పూర్వలేఖకులు చాలామంది ఎత్వానికీ ఏత్వానికీ, ఒత్వానికీ ఓత్వానికీ తేడా చూపేవారు కారు. "అన్న" అన్న మాటను "అంన" అని వ్రాసేవారు. అంచులు విరుగుతాయి. దారం కోసం చేసిన రంధ్రం పెద్దదై పక్క అక్షరాన్ని మింగుతుంది. అన్నింటి కంటె పెద్ద ప్రమాదం కంటిది. రెండు పాదాలలో ఒకే మాట ఉంటే, వ్రాయసకాని చూపు మొదటి దాని నుంచి రెండవ దానికి దూకుతుంది. నడుమ ఉన్నది పోతుంది. మన లెడ్జరులో ఒకే మొత్తం రెండు వరుసలలో ఉన్నప్పుడు ఒక వరుస ఎగిరిపోవడం మన వాళ్ళలో ఎవరికి అనుభవం కాదు?

ఆ లేఖకులు గ్రంథం చివర ఒక విన్నపం వ్రాసేవారు. నేను చూసిన ప్రతి ఎట్లా ఉన్నదో అట్లాగే వ్రాశాను, తప్పులుంటే నన్ను నిందించకండి అని దాని తాత్పర్యం. అది చదవగానే మన బిల్లుల అడుగున అచ్చయి ఉండే "ఇ. అండ్ ఓ. ఇ." గుర్తుకు వచ్చి నవ్వుకున్నాను. తప్పులూ విడుపులూ మినహాయించి అని దాని అర్థం. అంటే మన వృత్తికి తాటాకుల కాలం నుంచే చుట్టరికం ఉన్నది.

పెద్ద ఖాళీలు పూరించిన మహాకవులూ ఉన్నారు. నన్నయ అరణ్యపర్వం నాల్గవ ఆశ్వాసం నడుమ ఆపిన భారతాన్ని ఎఱ్ఱన అందుకున్నాడు. అతుకు కనబడకుండా నన్నయ ధోరణిలోనే మొదలుపెట్టి, ఆయన కృతిభర్త రాజరాజనరేంద్రుడికే అంకితంగా నడిపించాడు. అయినా పర్వం చివర, ఈ శేషం పూరించినవాణ్ణి నేనని పేరు చెప్పుకున్నాడు. పోతన భాగవతంలో ఐదవ స్కంధం గంగనది, ఆరవది సింగనది, పదకొండు, పన్నెండు వెలిగందల నారయవి. స్కంధాంత గద్యలలో ఎవరి పేరు వాళ్ళదే ఉన్నది. అంతటివాళ్ళు పొడి సంతకం చేశారు. ఒక్క మాట పూరించిన నేను చేయలేదు.

నన్ను అన్నింటి కంటె ఆకట్టుకున్నది పుణెలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థవారి సంస్కృత మహాభారతం. 1919లో మొదలైన పని 1966లో ముగిసింది. 1,259 ప్రతులు పరిశీలించారు. శారద, నాగరి, వంగ లిపుల ప్రతులతో పాటు తెలుగు, గ్రంథ, మలయాళ లిపులలోని దక్షిణాది ప్రతులూ అందులో ఉన్నాయి. 1925 నుంచి 1943లో కన్నుమూసే దాకా ప్రధాన సంపాదకులుగా ఉన్న సుక్థంకర్ పండితుడు సొంత ఊహతో మాట మార్చడానికి చాలా వెనుకాడేవాడు. ప్రతులు చెప్పినదే పాఠం. ఏ మాట మీద పూర్తి నమ్మకం కుదరలేదో ఆ మాట కింద అలల గీత ఒకటి వేశారు. అడుగున మిగిలిన పాఠాంతరాలన్నీ ఇచ్చారు. లక్షకు దగ్గరగా శ్లోకాలున్నాయని పేరుపడ్డ గ్రంథంలో, ఇక్కడ మాకు అనుమానం అని వంకర గీతతో ఒప్పుకోవడానికి ఎంత ధైర్యం కావాలి! నా నూట ఎనిమిది పద్యాల పుస్తకంలో అట్లాంటి గీతలు పదకొండు వేస్తే ఏం పోయేది?

పండితులు పాటించే మరొక సూత్రం ఉన్నది. ఒకేచోట రెండు పాఠాలు దొరికితే, ఒకటి అందరికీ తెలిసిన మాట, రెండవది అరుదైన మాట అయితే, అరుదైనదే అసలుదయ్యే అవకాశం ఎక్కువ. తెలియని మాటను తెలిసిన మాటగా మార్చడం లేఖకుడికి సహజం, తెలిసినదానిని తెలియనిదిగా ఎవరూ మార్చరు. "సిరులు", "చెలమ"ల మధ్య ఈ సూత్రం ఎవరి పక్షమో చెప్పనక్కరలేదు. అయితే దీనినీ గుడ్డిగా వాడకూడదట. అరుదుగా కనబడేది ఒక్కొక్కప్పుడు ఉత్త చేతిజారుడు తప్పే కావచ్చు. మా "చెల్లని చూపు" ఎంత అరుదైన పాఠం!

2005లో మళ్ళీ అత్త దగ్గరికి వెళ్ళి, ఈసారి పదకొండు పద్యాలూ ఆమె చేత చెప్పించుకున్నాను. ఆరింటిలో పోయిన మాటలు ఆమెకు గుర్తున్నాయి. వాటిలో రెండు నా పూరణతో సరిగ్గా కలిశాయి. ఆ రెండింటికీ పొంగిపోయాననీ, నాలుగింటికి కుంగిపోయాననీ ఒప్పుకుంటున్నాను. ఆ నాలుగింటిలో ఒకచోట ఆమె చెప్పిన మాట వేస్తే ఒక మాత్ర మిగిలిపోతున్నది. జ్ఞాపకం కూడా ఒక ప్రతే, దానికీ చెదలు పడతాయి అని అధ్యాపకులు అన్నారు. ఆ మాటను పక్కన ప్రశ్న గుర్తు పెట్టి తీసుకున్నాం. మిగిలిన ఐదు చోట్ల ఆమెకు ఏమీ గుర్తు లేదు. వాటికి చుక్కలే.

తప్పొప్పుల పట్టిక ఒకటి చిన్న కాగితం మీద అచ్చు వేయించాను. పదకొండు చోట్లూ చూపి, ఏది తాతగారిది, ఏది మా అత్తగారు చెప్పినది, ఏది నా ఊహ, ఏది తెలియదు అని విడివిడిగా ఇచ్చాను. ఇంట్లో అరవై మూడు ప్రతులు మిగిలి ఉన్నాయి. నేనూ నా భార్యా రెండు రాత్రులు కూర్చుని మైదా జిగురుతో వాటన్నింటికీ ఆ కాగితం అంటించాము. పంచిన నాలుగు వందల ముప్పై ఏడు ప్రతుల మాట ఏమిటని ఆమె అడిగింది. చిరునామాలు తెలిసినవారికి పోస్టులో పంపాను. చాలామంది ఎందుకు పంపానో అర్థం కాక ఫోను చేశారు.

ఊళ్ళో మాత్రం అంత తేలికగా జరగలేదు. గుడి కమిటీ పెద్ద ఒకాయన పట్టిక చూసి, "సిరులిచ్చే తల్లి అంటే వినడానికి నిండుగా ఉంది గదా సామీ, చెలమేంది? ఇప్పుడు ఇంటింటికీ కొళాయి వచ్చె. పిల్లోళ్ళకు చెలమంటే తెలీదు" అన్నాడు. ఆయన అన్నదానిలో అబద్ధం లేదు. ఆయన మనవరాలే అప్పటికి మూడేళ్ళుగా ఆ పద్యం చదువుతున్నది. నేను వాదించలేదు. ఊరి గ్రంథాలయానికి వెళ్ళి, అక్కడున్న ప్రతిని అడిగి తీసుకున్నాను. గ్రంథాలయం పుస్తకంలో వ్రాయకూడదని ఆ కుర్రవాడు అభ్యంతరం చెప్పాడు. పుస్తకం వేసినవాణ్ణి నేనేనని చెప్పి ఒప్పించాను. "సిరుల" మీద ఒకే ఒక్క గీత గీశాను, కింద మాట చదవడానికి వీలుగా. పైన "జెలమ" అని వ్రాసి, "వారికి" పక్కన అరసున్న పెట్టి, పొడి సంతకం చేసి, తేదీ వేశాను.

అత్త 2007లో పోయింది. పదవీ విరమణ చేశాక నేను ఏటా జాతరకు వెళుతున్నాను. పోయిన సారి ఆ పద్యాన్ని ఇద్దరు పిల్లలు చదివారు, వేరువేరు బడుల వాళ్ళు. మొదటి అమ్మాయి సిరులన్నది. రెండవ పిల్లవాడు చెలమన్నాడు. నా పక్కన కూర్చున్న ముసలాయన చేయి చెవి దగ్గర పెట్టుకుని, "ఏమన్యాడు?" అని నన్ను అడిగాడు.